టీడీఎస్ కాదు, హార్డ్‌నెస్ అడగండి

(హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ నివాసుల సమావేశంలో రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ ఇచ్చిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, కొద్దిపాటి సవరణలతో.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే. సెక్రటరీ గారు నాకు అరగంట ఇచ్చారు, ఆ తర్వాత టిఫిన్లు ఉన్నాయన్నారు. కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా పనిలోకి దిగుతాను. హార్డ్‌నెస్ తగ్గించి నీళ్లు మెత్తబరిచే సాఫ్ట్‌నర్ బిల్డింగ్ మొత్తానికి పెట్టించాలా అన్నదే ఇవాళ్టి ప్రశ్న.

ఈ బల్ల మీద మూడు సీసాలున్నాయి. మొదటిది వాన పడినప్పుడు డాబా మీద పళ్లెం పెట్టి పట్టిన నీళ్లు. రెండోది మంజీరా, అంటే మీ సంపులోకి వచ్చే మున్సిపల్ నీళ్లు. మూడోది మీ బి బ్లాక్ బోరు. మూడింట్లోనూ అర లీటరే పోశాను. ఒంటి సబ్బు తురిమి కరిగించి తెచ్చాను, ఒక్కో సీసాలో ఒక్కో చెంచా వేసి ఊపుతున్నాను. చూడండి. వాన నీళ్లలో మూత దాకా నురగ. మంజీరాలో కాస్త తక్కువ, అయినా బాగానే ఉంది. బోరు నీళ్లలో నురగ లేదు సరికదా, పాలు విరిగినట్టు తెల్లటి తరకలు తేలుతున్నాయి. ఆ సీసా ముందు వరసలో తిప్పండి, దగ్గరగా చూస్తే బాగా కనపడుతుంది.

ఆ తరకలేంటో మీకు బాగా తెలుసు. బకెట్ అంచు చుట్టూ, మగ్గు లోపల, స్నానాల గది టైల్స్ మీద జిడ్డుగా పేరుకునేది అదే. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం, నీళ్లలో కరుగుతుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటే సోడియాన్ని తోసేసి ఆ కొవ్వును అవి పట్టుకుంటాయి. అలా తయారైంది నీళ్లలో కరగదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మొత్తం అయిపోయేదాకా మీరు వేసే సబ్బంతా ఈ తరకలు చెయ్యడానికే పోతుంది. ఆ తర్వాత వేసిన సబ్బుకే నురగ వస్తుంది. హార్డ్‌నెస్ అన్నా, మన పుస్తకాల్లో కాఠిన్యత అన్నా సంగతి ఇంతే. నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంత అని.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. పల్నాడులోనో తాండూరులోనో అయితే భూమిలో సున్నపురాయి ఉంది, నీళ్లలో సున్నం ఉందంటే అర్థముంది. హైదరాబాద్ నేలంతా నల్లరాయి, గ్రానైటు. ఇక్కడ సున్నం ఎక్కణ్ణుంచి వస్తోంది? మంచి ప్రశ్నే. గ్రానైటులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది, అందులో కొంత రకంలో కాల్షియం ఉంటుంది. వాన చినుకు గాలిలో కొంచెం కార్బన్ డయాక్సైడును కలుపుకుంటుంది, నేలలోకి దిగాక చెట్ల వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడును ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది. పలచని ఆమ్లమై ఆ ఖనిజాన్ని మెల్లగా కొరుక్కుంటూ పోతుంది. పునాదులు తవ్వేటప్పుడు మట్టిలో తెల్లటి సున్నపు గడ్డలు తగులుతాయి చూడండి, అలా వచ్చిన కాల్షియమే అక్కడ గట్టిపడింది. బోరు లోతుకి వెళ్లేకొద్దీ రాతి పగుళ్లలో నీళ్లు చాలాకాలం నిలవుండి ఉంటాయి, కరిగించుకునేందుకు టైమెక్కువ. దానికి తోడు మన మురుగు కూడా ఇంకి భూగర్భ జలంలో లవణాలు పెంచుతోంది. ఆ పాపం రాయిది కాదు, మనదే.

ఇప్పుడు కొలత. మీలో ఎంతమంది దగ్గర టీడీఎస్ పెన్ను ఉంది? ఓ, చాలా చేతులు లేచాయి. ఆ పెన్ను కొలిచేది హార్డ్‌నెస్ కాదండీ. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, కరిగిన లవణాలన్నీ కలిపి ఇంత ఉండొచ్చని అంచనా చెబుతుంది. అవి కాల్షియమా, ఉప్పా, నైట్రేటా అన్నది దానికి తెలియదు. గ్లాసు మంజీరా నీళ్లలో చిటికెడు ఉప్పు వేస్తే పెన్ను అంకె అమాంతం పెరుగుతుంది, హార్డ్‌నెస్ మాత్రం పెరగదు. సాఫ్ట్‌నర్ పెట్టించుకున్న తర్వాత టీడీఎస్ తగ్గలేదని గొడవపడేవాళ్లు ఉంటారు. తగ్గదు, తగ్గకూడదు కూడా. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

హార్డ్‌నెస్ కొలవాలంటే ఇలా. ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్ల బోరు నీళ్లు. ఇది అమ్మోనియా బఫర్, ఘాటు వాసన, ముందు కూర్చున్నవాళ్లు క్షమించాలి. ఇది ఎరియోక్రోమ్ బ్లాక్ టీ, రంగు మారి మనకి గుర్తు చెప్పే పొడి, చిటికెడు చాలు. నీళ్లు ద్రాక్షరసం రంగులోకి మారాయి. బ్యూరెట్‌లో ఉన్నది ఈడీటీఏ, కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ గట్టిగా పట్టేసుకుంటుంది. చుక్కలుగా వదులుతున్నాను... ఇంకా ఎరుపే... ఊదా రంగు కనపడుతోందా? ఇక్కడ ఆగి ఆగి వెయ్యాలి. అదిగో, నీలం, అంటే కాల్షియం, మెగ్నీషియం మొత్తం ఈడీటీఏకి చిక్కినట్టే. పట్టింది 26 మిల్లీలీటర్లు. ఈ గాఢతలో, 50 మిల్లీలీటర్ల నమూనాకి దాన్ని 20తో గుణించాలి. లీటరుకి 520 మిల్లీగ్రాములు, కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి, లెక్కలో. ఇదే పద్ధతిలో చుక్కలు లెక్కపెట్టుకునే చిన్న కిట్లు బజారులో దొరుకుతాయి, కమిటీ ఒకటి కొని ఆఫీసులో పెట్టుకుంటే చాలు.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ 200 దాకా ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. అంటే మీ బోరు రెండో గీత లోపలే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే హార్డ్‌నెస్‌కి ఆరోగ్యపరమైన పరిమితి అంటూ ఏమీ పెట్టలేదు. కిడ్నీలో రాళ్లకి ఈ నీళ్లే కారణమని తేలలేదు, నీళ్లు తక్కువ తాగడం అంతకన్నా పెద్ద కారణం. ఇది మీ గీజర్‌కీ, సబ్బు ఖర్చుకీ, పప్పుకీ సంబంధించిన బాధ. దీన్ని విషం అని చెప్పి భయపెట్టేవాళ్ల దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండండి.

ఆ భయపెట్టే పద్ధతి ఒకటి చూపిస్తాను. ఫిల్టర్లు అమ్మేవాళ్లు కొందరు నాలుగు కడ్డీల పరికరం ఒకటి పట్టుకుని ఇంటికి వస్తారు. రెండు గ్లాసులు. ఒకదాంట్లో మీ కుళాయి నీళ్లు, రెండోదాంట్లో వాళ్ల ఆర్‌ఓ నీళ్లు. కడ్డీలు ముంచి ప్లగ్గు పెడతారు. నిమిషంలో కుళాయి నీళ్లు బురద రంగులోకి తిరుగుతాయి, ఆర్‌ఓ నీళ్లు అలాగే ఉంటాయి. చూశారా మేడమ్, మీ పిల్లలు తాగేది ఇదీ అంటారు. ఇంక టెన్షన్ మొదలు. ఆ బురద కడ్డీల్లోంచి వచ్చింది. ఇనుప కడ్డీ కరెంటుకి కరిగి తుప్పు కక్కుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు లేవు కాబట్టి కరెంటు పారదు, తుప్పు రాదు. మళ్లీ ఎవరైనా వస్తే వాళ్ల ఆర్‌ఓ గ్లాసులో మీ వంటింటి ఉప్పు చిటికెడు వేసి ఇంకోసారి పెట్టమనండి. అదీ బురదే అవుతుంది. (నవ్వులు)

అలాగని మెత్తటి నీళ్లన్నీ మంచివని కాదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఫ్లోరైడ్ సంగతి తీసుకోండి. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు, గురించి తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. నల్గొండ కథ అందరికీ తెలిసిందే. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి రూపొందించి దానికి నల్గొండ టెక్నిక్ అని ఆ జిల్లా పేరే పెట్టింది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కరగని పదార్థమై దిగిపోతాయి. అందుకే కాల్షియం బాగా తక్కువున్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచి ఉండే వీలుంది. సబ్బు బాగా నురగ వస్తోంది, బోరు బ్రహ్మాండం అనుకుంటే పొరపాటు. కొత్త బోరు వేస్తే హార్డ్‌నెస్‌తో పాటు ఫ్లోరైడ్, నైట్రేట్ పరీక్షలు తప్పకుండా చేయించాలి. లీటరుకి మిల్లీగ్రాముల్లో ఫ్లోరైడ్ 1.5 దాటకూడదు, నైట్రేట్ 45 దాటకూడదు. ఈ రెండూ ఆరోగ్యానికి సంబంధించినవి.

సరే, వైద్యానికి వద్దాం. పాత పద్ధతుల్లో ఏవి పనికొస్తాయి? చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపినా, పటిక తిప్పినా బురద దిగుతుంది. కరిగిన కాల్షియం దిగదు. కాచితే కొంత దిగుతుంది, బైకార్బొనేట్ రూపంలో ఉన్నంతవరకే. అది తాత్కాలిక కాఠిన్యత. కాచిన గిన్నె అడుగున తెల్లటి గార కడుతుందే, అదే. సల్ఫేట్, క్లోరైడ్‌గా ఉన్నది ఎంత కాచినా పోదు, అది శాశ్వత కాఠిన్యత. 1841లో థామస్ క్లార్క్ అనే స్కాట్లండ్ కెమిస్టు విచిత్రమైన పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నీళ్లలో సున్నం పోవాలంటే ఇంకొంచెం సున్నం కలపమన్నాడు! లెక్కప్రకారం కలిపితే ఆ సున్నం బైకార్బొనేట్‌తో కలిసి రెండూ కరగని పొడిగా దిగిపోతాయి. పెద్ద ప్లాంట్లలో ఇప్పటికీ ఆ పద్ధతి వాడతారు. ఇంట్లో వద్దు, మోతాదు తప్పితే కష్టం.

మన చాకిరేవుల్లో చౌడు మట్టి వాడేవాళ్లు. అందులో సోడా ఉంటుంది. ఆ సోడాయే, సోడియం కార్బొనేట్, రెండు రకాల కాఠిన్యతనీ దింపేస్తుంది. మీ బోరు నీళ్లు 20 లీటర్ల బకెట్‌కి బట్టల సోడా రెండు మూడు చెంచాలు వేసి అరగంట ఆగి బట్టలు నానబెట్టండి, సబ్బు ఖర్చులో తేడా తెలుస్తుంది. పట్టుకీ ఉన్నికీ వద్దు. స్నానానికీ వద్దు.

ఇక అసలు విషయం, సాఫ్ట్‌నర్. కమిటీ వాళ్లు నన్ను పిలిచింది దీనికోసమే, బిల్డింగ్ మొత్తానికి ఒకటి పెట్టించాలా అని. దాని లోపల ఏం జరుగుతుందో వ్యవసాయం తెలిసినవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. చౌడు భూమి బాగుచెయ్యడానికి జిప్సం ఎందుకు చల్లుతారు? చౌడు నేలలో మట్టి రేణువులకి సోడియం పట్టుకుని ఉంటుంది, నేల బిగుసుకుపోతుంది, నీళ్లు దిగవు. జిప్సంలో కాల్షియం ఆ సోడియాన్ని తోసేసి దాని చోట్లో కూర్చుంటుంది. నీళ్లు పెడితే సోడియం కొట్టుకుపోతుంది. 1850లో ఇంగ్లండులో థాంప్సన్, వే అనే ఇద్దరు మట్టిలోనే ఈ మార్పిడిని గమనించి రాశారు. మట్టి నింపిన గొట్టంలో పైనుంచి అమ్మోనియం సల్ఫేట్ పోస్తే కింద జిప్సం దిగింది! అమ్మోనియం మట్టిలో ఆగింది, కాల్షియం బయటికొచ్చింది. మట్టి ఇచ్చిపుచ్చుకుంటుందని అప్పుడు తెలిసింది. తర్వాత జర్మనీలో గాన్స్ అనే ఆయన 1905 ప్రాంతంలో ఇదే గుణమున్న పదార్థాన్ని కృత్రిమంగా చేసి నీళ్లు మెత్తబరచడానికి వాడాడు. ఇప్పుడు ఆ చోట్లో ప్లాస్టిక్ రెసిన్ గుళికలు వచ్చాయి. ఈ చిన్న సీసాలో ఉన్నవి అవే, సగ్గుబియ్యం కన్నా బాగా చిన్నవి, తేనె రంగువి. ఒక్కో గుళికకీ సోడియం పట్టుకుని ఉంటుంది. హార్డ్ వాటర్ వాటి మధ్యనుంచి పారితే కాల్షియం గుళికకి అతుక్కుంటుంది, సోడియం నీళ్లలోకి వస్తుంది. లవణం పోలేదు, మారింది. అందుకే టీడీఎస్ తగ్గదు.

గుళికలు నిండిపోయాక చిక్కటి ఉప్పునీళ్లు పంపి కాల్షియాన్ని మళ్లీ బయటికి తోసేస్తారు. దీన్నే రీజెనరేషన్ అంటారు. ఉప్పు బస్తాలు కావాల్సింది అక్కడే, కొటేషన్‌లో అడుగున చిన్న అక్షరాల్లో ఉండేదీ అదే. లెక్క వేద్దాం. 50 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్లు. 27,000 లీటర్లు. హార్డ్‌నెస్ గుండ్రంగా 500 అనుకుంటే ఆ నీళ్లలో రోజుకి పదమూడున్నర కిలోల కాఠిన్యత ఉంటుంది. అదంతా తియ్యాలంటే ఉప్పు దాని బరువుకి దాదాపు రెండున్నర రెట్లు పడుతుంది. రోజుకి 34 కిలోలు. నెలకి ఒక టన్ను! డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఆ టన్ను ఉప్పు ఎక్కడికి పోతుంది? డ్రైనేజీలోకి, ఎస్‌టీపీలోకి. ఎస్‌టీపీ మురుగును శుభ్రం చేస్తుంది కానీ ఉప్పును తియ్యలేదు. ఆ నీళ్లే మొక్కలకి పెడతారు. కొన్ని చోట్ల ఆ ఉప్పునీటి పైపును ఇంకుడు గుంతలోకి తిప్పుతారు, అంటే వాన నీళ్లు ఇంకించి బోరును బాగుచేసుకుందామని తవ్విన గుంతలోకే. రైతు డబ్బు పెట్టి చౌడు వదిలించుకుంటుంటే, మనం డబ్బు పెట్టి మన తోటని చౌడు చేసుకుంటున్నాం.

కాబట్టి నా సలహా, నీళ్లన్నిటికీ వైద్యం వద్దు. ఫ్లష్‌కి మెత్తటి నీళ్లెందుకు? జాతీయ భవన నిర్మాణ నియమావళి లెక్కలో మనిషికి రోజుకి 45 లీటర్లు ఫ్లష్‌కే. మీకు ఫ్లష్ లైను వేరే ఉందని సెక్రటరీ గారు చెప్పారు, అది అదృష్టం. దానికీ, తోటకీ, కార్లు కడగడానికీ బోరు నీళ్లే. మిగిలిన దాన్ని కూడా సున్నాకి దించక్కర్లేదు. సాఫ్ట్‌నర్ పక్కన బైపాస్ వాల్వు పెట్టి కొంచెం బోరు నీళ్లు కలిపి 100 దగ్గర ఆపండి. సున్నా హార్డ్‌నెస్ నీళ్లతో స్నానం చేస్తే సబ్బు ఎంతకీ వదలనట్టు ఒళ్లు జారుతూ ఉంటుంది, అదొక కంప్లయింటు వస్తుంది. ఇలా చేస్తే రోజుకి 18,000 లీటర్లు, తియ్యాల్సింది ఏడు కిలోల పైచిలుకు, ఉప్పు 18 కిలోలు. సగం దగ్గరకి వచ్చింది చూడండి. మంజీరా వచ్చే రోజుల్లో ఇంకా తగ్గుతుంది.

సాఫ్ట్‌నర్ నీళ్లు తాగే కుళాయికి కలపకండి. 500 హార్డ్‌నెస్ మొత్తం తీస్తే లీటరుకి 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. రెండు లీటర్లు తాగితే ఒక గ్రాము ఉప్పు పైనే. బీపీ ఉన్నవాళ్లకి అది అక్కర్లేని లెక్క.

ఆర్‌ఓ తాగే నీళ్లకి, అదీ అవసరమైతేనే. ఇళ్లల్లో ఆర్‌ఓ ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. టీడీఎస్ 500 లోపున్న నీళ్లకి ఆర్‌ఓ వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది కూడా. మంజీరా నీళ్లకి ఆర్‌ఓ పెట్టుకున్నవాళ్లు ఈ మాట ఆలోచించండి. పైపుకి అయస్కాంతం కట్టే పరికరాల గురించి ఒక్క మాట: ముందు నీళ్లూ వెనక నీళ్లూ ఇందాకటి ఫ్లాస్కులో పరీక్షించండి, అంకె మారదు. గార కట్టే తీరు మారుతుందని వాళ్ల వాదన. దాని మీద జరిగిన ప్రయోగాలు ఒక దారిలో లేవు. నా డబ్బయితే పెట్టను.

ఇప్పుడు ప్రశ్నలు. అడగండమ్మా.

(ఒక శ్రోత: మేడమ్, జుట్టు ఊడిపోతోంది, పిల్లలకి చర్మం దురదలు. ఈ నీళ్ల వల్లేనా?)

జుట్టు బిరుసెక్కడం, షాంపూ సరిగా పనిచేయకపోవడం నీళ్ల వల్ల ఉంటుంది. ఊడటానికి వంద కారణాలు, డాక్టరుకి చూపించండి. చర్మం సంగతికి ఒక మంచి ప్రయోగం జరిగింది. ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. కొందరి ఇళ్లలో సాఫ్ట్‌నర్ పెట్టి 12 వారాలు చూశారు. మామూలు వైద్యం కన్నా అదనపు లాభం కనపడలేదు. కాబట్టి దురద తగ్గుతుందని సాఫ్ట్‌నర్ కొనకండి, గీజర్ కోసం కొంటే కొనండి.

(మరొక శ్రోత: గీజర్ కాయిల్ ఏటా కాలిపోతోందండి.)

ఇదిగో, మీ బిల్డింగ్ ప్లంబరు తెచ్చిన పాత కాయిలే ఇది. వేలు మందాన పెచ్చు కట్టింది. మీ బోరు నీళ్లు 100 లీటర్లలో 50 గ్రాముల సున్నపురాయి కరిగి ఉంది. రోజూ 100 లీటర్లు కాచి అందులో పదో వంతు దిగినా నెలకి 150 గ్రాములు. వేడెక్కేకొద్దీ అది ఎక్కువ దిగుతుంది, అదీ నేరుగా కాయిల్ మీదే. ఈ పెచ్చు వేడిని నీళ్లలోకి పోనివ్వదు, లోపల కాయిల్ మాడిపోతుంది. థర్మోస్టాట్ 70 మీద పెట్టి ఆ తర్వాత చన్నీళ్లు కలుపుకునే బదులు 50, 55 మధ్య పెట్టుకోండి. ఏడాదికోసారి విప్పించి గార తీయించండి. ఈ ముక్క మీద వెనిగర్ పోస్తున్నాను, బుసబుస వినపడుతోందా? షవర్ తలకి, కుళాయి జాలీకి ఇదే మందు. వెనిగర్ గానీ నీళ్లలో కలిపిన నిమ్మ ఉప్పు గానీ ఒక కవర్లో పోసి, షవర్ తల అందులో మునిగేలా రాత్రికి కట్టేయండి. బాత్‌రూం యాసిడ్ మాత్రం కుళాయిల మీద పోయకండి, పైపూత పోతుంది. పాలరాయి గచ్చుకి వెనిగర్ కూడా వద్దు, అదీ సున్నపురాయే కదా, కరిగిపోతుంది.

(ఇంకొకరు: కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకదు.)

కాల్షియం పప్పు గింజల్లోని పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది, అందుకని. చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుంది కానీ బి1 విటమిన్ కొంత పోతుంది. పప్పుకీ టీకీ మంజీరా నీళ్లు ఒక బిందె పట్టి పెట్టుకోండి. సుఖం.

టిఫిన్లు చల్లారుతున్నాయని సైగ చేస్తున్నారు. ఆఖరి మాట, ఆదివారం పరీక్షకి నీళ్లు తెచ్చేవాళ్లు లీటరు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, బోరు పది నిమిషాలు నడిచాక నిండా పట్టండి. ట్యాంకులోవి వద్దు, నేరుగా బోరువి కావాలి. సీసా మీద బ్లాకు పేరు, తేదీ రాయండి. కిందటిసారి పేరు లేని సీసాలు నాలుగు వచ్చాయి, అవి ఎవరివో ఇప్పటికీ తేలలేదు.